49 ఏళ్ల దగ్గర ఆగిన లెక్క: పెద్దవయసు హెచ్‌ఐవీ వైద్యంపై పరిశోధనకు డబ్బు ఎలా రావాలి, ఎక్కడ ఖర్చవ్వాలి

మన దేశ హెచ్‌ఐవీ లెక్కలనే మార్చిన పరిశోధనల్లో ఒకటి గుంటూరు జిల్లాలో జరిగింది. 2004-05లో జిల్లాలోని 66 గ్రామీణ, పట్టణ క్లస్టర్లలో 12,600 మందికి పైగా ప్రజల నుంచి నేరుగా రక్త నమూనాలు సేకరించి పరీక్షించారు. 2006లో ఫలితం అచ్చయింది. జిల్లాలో 15-49 ఏళ్లవారిలో హెచ్‌ఐవీ ఉన్నవాళ్లు సుమారు 46 వేలని ఆ అధ్యయనం తేల్చింది. అప్పటి ప్రభుత్వ పద్ధతిలో, అంటే ఆసుపత్రులకు వచ్చే గర్భిణులు, సుఖవ్యాధుల క్లినిక్ రోగుల నమూనాల ఆధారంగా లెక్కిస్తే అదే సంఖ్య లక్షా 12 వేలు దాటింది. రెండున్నర రెట్ల తేడాకు కారణాలూ బయటపడ్డాయి. ప్రైవేటు డాక్టర్లు హెచ్‌ఐవీ అనుమానం ఉన్నవాళ్లను పెద్దాసుపత్రికి పంపేస్తారు కాబట్టి అక్కడ శాతం ఎక్కువగా కనిపిస్తుంది. ప్రభుత్వాసుపత్రికి పేదవాళ్లే ఎక్కువగా వెళ్తారు. వీటికితోడు సుఖవ్యాధుల క్లినిక్ లెక్కను విడిగా మళ్లీ కలిపేవారు. 2007లో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఫలితాలు కూడా తోడై, దేశం మొత్తం అంచనా 52 లక్షల నుంచి 25 లక్షల దగ్గరికి దిగింది.

ఒక జిల్లాలో శ్రద్ధగా ఖర్చు పెట్టిన పరిశోధన డబ్బు చేయగల పని ఇది. అయితే ఆ అధ్యయనం 49 ఏళ్ల దగ్గర ఆగింది. అప్పట్లో అది సబబే, ఎందుకంటే మందులు లేని రోజుల్లో హెచ్‌ఐవీతో యాభై దాటేవాళ్లు తక్కువ. 2004 ఏప్రిల్‌లో దేశంలో ఉచిత ఏఆర్‌టీ, అంటే హెచ్‌ఐవీని అణచిపెట్టే మందుల చికిత్స, మొదలయ్యాక కథ మారింది. ఆ సర్వే నాటికి 30 ఏళ్లున్న మనిషికి 2025కి యాభై నిండాయి, 45 ఏళ్లున్నవారికి అరవై అయిదు. 2021 అంచనాల ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 3.2 లక్షల మంది హెచ్‌ఐవీతో జీవిస్తున్నారు. మహారాష్ట్ర తర్వాత ఇదే పెద్ద సంఖ్య. గుంటూరు, విజయవాడ ఏఆర్‌టీ సెంటర్లలో ఇరవై ఏళ్లుగా మందులు తీసుకుంటున్న తరం ఇప్పుడు మోకాళ్ల నొప్పులు, షుగరు, బీపీ, మతిమరుపు గురించి అడుగుతోంది. ఆ ప్రశ్నలకు మన ప్రాంతపు మనుషుల మీద, మన దగ్గర ఇచ్చే మందుల మీద చేసిన పరిశోధన నుంచి జవాబులు రావాలి. అవి రాకపోవడానికి డబ్బు కొరత ఒక్కటే కారణం కాదు. ఉన్న డబ్బు వయసుల వారీగా విడిపోయి ఉంది, అసలు చిక్కు అక్కడే.

హెచ్‌ఐవీ వ్యాప్తి శాతాన్ని 15-49 ఏళ్లకే ప్రకటిస్తారు. 2010-11లో మొదలైన జాతీయ వృద్ధుల ఆరోగ్య సంరక్షణ కార్యక్రమం 60 ఏళ్లతో మొదలవుతుంది. హెచ్‌ఐవీ వైద్యంలో 'పెద్దవయసు' అని ప్రపంచమంతా లెక్కించేది మాత్రం 50 నుంచి. గుండె, ఎముక, కిడ్నీ సమస్యలు తొలిసారి బయటపడే 50-59 పదేళ్లూ ఈ రెండు పథకాల మధ్య ఎవరి పద్దులోనూ లేవు. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ కార్యక్రమం ఐదో దశకు 2021 ఏప్రిల్ నుంచి 2026 మార్చి వరకు రూ.15,471.94 కోట్లు కేటాయించారు. అది ప్రధానంగా నివారణకు, పరీక్షలకు, మందులకు ఉద్దేశించిన డబ్బు. సెంటర్ పనితీరును కొలిచేటప్పుడు కూడా ఎంతమందికి పరీక్ష చేశారు, ఎంతమంది మందులు వాడుతున్నారు, ఎంతమందికి వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ మోతాదు) అణిగింది అనే చూస్తారు. వైరల్ లోడ్ అణిగి ఉన్న 58 ఏళ్ల మనిషి తుంటి ఎముక విరిగి మంచాన పడినా ఆ లెక్కలో విజయమే.

అమెరికా సంగతి వేరు. అక్కడ హెచ్‌ఐవీ ఉన్నవారిలో సగానికి పైగా యాభై దాటినవాళ్లే, పరిశోధన నిధులూ అటు మళ్లాయి. వాటిలో అందరూ గమనించాల్సినది రిప్రీవ్ ట్రయల్. 12 దేశాల్లో 40-75 ఏళ్ల వయసున్న 7,769 మంది హెచ్‌ఐవీ రోగులకు కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మందుల్లో ఒకటైన పిటవాస్టాటిన్ రోజుకు 4 మిల్లీగ్రాములు గానీ, మందు లేని ఉత్త మాత్ర గానీ ఇచ్చి సగటున ఐదేళ్లు గమనించారు. స్టాటిన్ వాడినవారిలో గుండెపోటు, పక్షవాతం వంటి పెద్ద ప్రమాదాలు 35 శాతం తగ్గాయని 2023లో ప్రకటించారు. గుండె ప్రమాదం తక్కువ నుంచి మధ్యస్థంగా ఉందని మామూలు లెక్కలు చెప్పినవాళ్లే ఇందులో చేరారు. హెచ్‌ఐవీ ఉన్నప్పుడు ఆ మామూలు లెక్కలు సరిపోవని దీంతో స్పష్టమైంది. దీనికి డబ్బిచ్చిన తీరు కూడా చూడాలి. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో గుండె, ఊపిరితిత్తుల విభాగం, అంటువ్యాధుల విభాగం కలిసి ఖర్చు భరించాయి. హెచ్‌ఐవీ పద్దు, గుండె పద్దు విడివిడిగా ఉండి ఉంటే ఈ ట్రయల్ మొదలయ్యేదే కాదు. మన దగ్గర ఎయిడ్స్ నియంత్రణ సంస్థకూ, బీపీ-షుగర్ కార్యక్రమానికీ మధ్య అలాంటి ఉమ్మడి పద్దు కావాలి.

ఆ అమెరికా డబ్బు మన ప్రాంతానికి వచ్చే దారి ఈ మధ్య ఇరుకైంది. ఇంతకాలం సాధారణంగా ఒక అమెరికన్ విశ్వవిద్యాలయం గ్రాంటు గెలుచుకుని, అందులో కొంత భాగాన్ని ఉపగ్రాంటుగా ఇక్కడి సంస్థకు పంపేది. విదేశీ ఉపగ్రాంట్ల విధానాన్ని మార్చేదాకా అలాంటి కొత్తవి ఇవ్వబోమని అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ 2025 మే 1న ప్రకటించింది. మన వైపు నిబంధనలూ తేలికైనవి కావు. విదేశీ నిధులున్న వైద్య పరిశోధనకు కేంద్ర ఆరోగ్యశాఖ స్క్రీనింగ్ కమిటీ అనుమతి కావాలి. విదేశీ విరాళాల చట్టానికి 2020లో చేసిన సవరణ ప్రకారం ఒక స్వచ్ఛంద సంస్థ తనకొచ్చిన విదేశీ డబ్బును మరో సంస్థకు బదిలీ చేయకూడదు. పాలనా ఖర్చులు 20 శాతం దాటకూడదు. హైదరాబాద్‌లోనో ఢిల్లీలోనో ఉన్న పెద్ద సంస్థ డబ్బు తెచ్చి, గుంటూరులోని చిన్న పాజిటివ్ నెట్‌వర్క్‌కు (హెచ్‌ఐవీ ఉన్నవారి సంఘానికి) ఫీల్డ్ పని అప్పగించే పాత ఏర్పాటు దీంతో చెల్లకుండా పోయింది. కాబట్టి గుంటూరు, విజయవాడల్లో ఇప్పుడు దరఖాస్తు రాయాలనుకునేవాళ్లు ముందుగా చూడాల్సింది భారత వైద్య పరిశోధన మండలి వైపు. రెండు కోట్ల లోపు చిన్న గ్రాంటు ఇక్కడి అవసరానికి సరిపోతుంది.

ఆ డబ్బుతో ఏ ప్రశ్న అడగాలి? ఎక్కువ దరఖాస్తులు ఇక్కడే దెబ్బతింటాయి. 'పెద్దవయసు హెచ్‌ఐవీ రోగుల్లో గుండెజబ్బులు' అని శీర్షిక పెట్టి 400 మందిని మూడేళ్లు చూస్తామంటారు. రిప్రీవ్‌లో స్టాటిన్ వాడనివారిలో పెద్ద గుండె ప్రమాదాల రేటు వెయ్యి మందికి ఏడాదికి సుమారు 7.3. ఆ లెక్కన 400 మందిని మూడేళ్లు చూస్తే వచ్చేవి తొమ్మిది. తొమ్మిదింటితో ఏ కారణాన్నీ తేల్చలేం. సమీక్షకుడు ఈ లెక్క వేసిన క్షణంలో దరఖాస్తు పక్కకు పోతుంది. అదే డబ్బుతో జవాబు దొరికే ప్రశ్నలు ఉన్నాయి. ఎంతమంది బలహీనపడ్డారు? ఎంతమంది కిడ్నీ నిజంగా దెబ్బతింది? ఎంతమంది వేసుకునే ఇతర మందులు ఏఆర్‌టీతో పడటం లేదు?

బలహీనతనే తీసుకుందాం. దీన్ని కొలిచే ఫ్రైడ్ పద్ధతిలో ఐదు అంశాలుంటాయి: ఏడాదిలో కావాలని కాకుండా నాలుగున్నర కిలోలకు పైగా బరువు తగ్గడం, నీరసం, కదలిక తగ్గడం, నడక మందగించడం, చేతి పట్టు సడలడం. మూడు గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే బలహీనత ఉన్నట్టు, ఒకటి రెండు ఉంటే ఆ దారిలో ఉన్నట్టు. దీనికి కావలసిన సామాను చేతిపట్టు కొలిచే డైనమోమీటర్, స్టాప్‌వాచ్, టేపు, నాలుగైదు మీటర్ల ఖాళీ వరండా. ప్రణాళిక కోసం 20 శాతం మందిలో బలహీనత ఉంటుందని అనుకుని, ఫలితం అటూ ఇటూ 4 పాయింట్లకు మించి తప్పకూడదంటే 384 మంది కావాలి. రెండేళ్ల తర్వాత కూడా 384 మంది మిగలాలి, ఏటా పదో వంతు జారిపోతారనుకుంటే మొదట్లో 474 మందిని చేర్చాలి. 480 అనుకుందాం. పోల్చడానికి హెచ్‌ఐవీ లేని అదే వయసువాళ్లు మరో 480. మొత్తం 960 మంది, ఒక్కొక్కరు మూడు సార్లు వస్తే 2,880 సందర్శనలు. ఒక్కో సందర్శనకు గంటన్నర పడుతుంది. ఒక నర్సు రోజుకు నలుగురిని మించి చూడలేదు. రెండు ఊళ్లలో ఒక్కో నర్సు ఉంటే మొదటి విడతకే 120 పనిదినాలు, సెలవులు కలిపితే ఐదారు నెలలు.

బడ్జెట్ ఈ లెక్క నుంచి పుట్టాలి. సాధారణంగా తలకిందులుగా జరుగుతుంది. ముందు ఒక ఖరీదైన యంత్రం రాస్తారు, మిగిలిన దాంట్లో ఒక్క ప్రాజెక్ట్ అసిస్టెంట్‌ను పెడతారు. యంత్రం టెండరు, బిగింపు, కాలిబ్రేషన్‌తోనే ఏడాది గడిచిపోతుంది. ఎముక సాంద్రత చూసే డెక్సా స్కాన్ అవసరమే కానీ అందరికీ అక్కర్లేదు. ముట్లు ఆగిన ఆడవాళ్లలో, పదేళ్లకు పైగా టెనోఫోవిర్ అనే హెచ్‌ఐవీ మందు వాడినవాళ్లలో ఒక 150 మందిని ఎంచి, స్కాన్ ఉన్న చోట రుసుము కట్టి చేయించుకోవచ్చు. పెద్ద ఖర్చు మనుషుల మీదే ఉండాలి: ఇద్దరు నర్సులు, ఇద్దరు కౌన్సిలర్లు, పాత వైట్ కార్డులు (సెంటర్లో ఉండే రోగి చికిత్స రికార్డులు) చదివి నమోదు చేసే ఒక డేటా ఆపరేటర్, సగం కాలమైనా ఒక స్టాటిస్టీషియన్. తర్వాత వచ్చేవారి దారిఖర్చు, పోయిన కూలి. మాచర్ల నుంచో రేపల్లె నుంచో గుంటూరు రావడమంటే ఆ రోజు పని పోయినట్టే. సందర్శనకు రూ.500 చొప్పున వేసినా 2,880కి రూ.14.4 లక్షలు. బడ్జెట్ కోతల్లో మొదట పోయేది ఈ పద్దే. ఇది పోతే దూరపు ఊళ్లవాళ్లు రెండోసారి రారు. అప్పుడు మిగిలేది టౌనులో ఉండేవాళ్లు, కాస్త ఓపిక ఉన్నవాళ్లు. బలహీనతను కొలిచే అధ్యయనంలోంచి బలహీనులే తప్పుకుంటే వచ్చే శాతం తప్పుడుది.

కొలతల్లో పొరపాట్లు మరీ సూక్ష్మంగా ఉంటాయి, అందుకే వాటి మీద ఎక్కువ శ్రద్ధ కావాలి. ఇప్పుడు మొదటి వరుసలో ఇచ్చేది టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ కలిసిన ఒకే మాత్ర. టెనోఫోవిర్ కొందరిలో కిడ్నీ నాళికలను దెబ్బతీస్తుంది, దాన్ని పట్టుకోవడానికి రక్తంలో క్రియాటినిన్, అంటే కిడ్నీలు బయటికి పంపాల్సిన వ్యర్థం, ఎంతుందో చూస్తాం. డోలుటెగ్రావిర్ కిడ్నీకి ఏ హానీ చేయకుండానే క్రియాటినిన్ బయటికి పోయే ఒక మార్గాన్ని అడ్డుకుని దాన్ని కొద్దిగా పెంచుతుంది. కండ కరిగిపోయిన పెద్దవాళ్లలో మరోవైపు, కిడ్నీ నిజంగా పాడైనా క్రియాటినిన్ మామూలుగానే కనిపిస్తుంది. వీటికి బెజవాడ మే నెల ఎండ తోడైతే, నీళ్లు తక్కువ తాగి బస్సులో మూడు గంటలు వచ్చిన మనిషి రక్తంలో సంఖ్య ఇంకా పెరుగుతుంది. కాబట్టి ఒక్క పరీక్షతో తేల్చకూడదు. మూత్రంలో ప్రొటీన్ చూడాలి, మూడు నెలల తేడాతో రెండుసార్లు కొలవాలి, నమూనా తీసిన నెల నమోదు చేయాలి, కనీసం కొందరిలో కిడ్నీ పనితీరు చెప్పే మరో రక్తపరీక్ష సిస్టాటిన్-సి కూడా చూడాలి. అయితే శరీరంలో వాపు ఉంటే అదీ పెరుగుతుందని గుర్తుంచుకోవాలి.

షుగర్ విషయంలోనూ ఇలాంటి మెలికే ఉంది. పరగడుపున రక్తం కావాలంటే దూరపు ఊరివాళ్లు తెల్లవారుజామునే ఏమీ తినకుండా బయల్దేరాలి. పెద్దవాళ్లకు అది ప్రమాదం. అందుకని మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ వాడదామంటారు. కానీ జిడోవుడిన్ అనే హెచ్‌ఐవీ మందు వాడేవారిలో ఎర్రరక్తకణాలు పెద్దవవుతాయి, అలాంటివారిలో ఆ పరీక్ష అసలు కన్నా తక్కువ చూపిస్తుంది. ఇనుము లోపించిన రక్తహీనత ఉంటే ఎక్కువ చూపిస్తుంది. హిమోగ్లోబిన్, కణాల పరిమాణం పక్కన రాసుకోకుండా హెచ్‌బీఏ1సీ ఒక్కటే రాసిన డేటా తర్వాత ఎందుకూ పనికిరాదు.

మతిమరుపు పరీక్షల్లో చదువు అడ్డొస్తుంది. కాగితం మీద గడియారం గీయమనే పరీక్ష పెడితే, ఎప్పుడూ పెన్ను పట్టని కూలి తల్లికి మతిమరుపు ఉందని తేలుతుంది. అంతర్జాతీయ హెచ్‌ఐవీ డిమెన్షియా స్కేల్‌లో వేళ్లు తాటించడం, చేతిని మూడు భంగిమల్లో వరుసగా మార్చడం, నాలుగు మాటలు గుర్తుంచుకోవడం ఉంటాయి. చదవడం, రాయడం అక్కర్లేదు. 12కు 10 లేదా తక్కువ వస్తే ఇంకా లోతుగా చూడాలి. ఆ నాలుగు మాటలూ ఇక్కడివాళ్ల నోట రోజూ నలిగేవై ఉండాలి. అదే ప్రశ్నలు హెచ్‌ఐవీ లేనివాళ్లనూ అడిగి మన ప్రాంతపు కొలమానం ముందే తయారు చేసుకోవాలి.

అన్నిటికన్నా తక్కువ డబ్బుతో, త్వరగా ఫలితమిచ్చే పని మందుల సంచి తనిఖీ. రోగిని ఇంట్లో వాడేవన్నీ సంచిలో వేసుకు రమ్మనాలి. డోలుటెగ్రావిర్ వాడేవారిలో మెట్‌ఫార్మిన్ మోతాదు రోజుకు 1000 మిల్లీగ్రాములు దాటకూడదు, రక్తంలో దాని మోతాదు పెరుగుతుంది కనుక. గ్యాస్ తగ్గించే యాంటాసిడ్లు, పరగడుపున అయితే కాల్షియం, ఐరన్ బిళ్లలు కూడా, డోలుటెగ్రావిర్‌తో కలిపి వేస్తే మందు సరిగా ఒంటబట్టదు. దాన్ని వాటికి రెండు గంటలు ముందో, ఆరు గంటలు తర్వాతో వేసుకోవాలి. మూర్ఛకిచ్చే ఫెనిటోయిన్, కార్బమజిపిన్ కూడా దాని బలాన్ని తగ్గిస్తాయి. రెండో వరుసలో రిటోనావిర్ ఉన్న మందులు వాడేవారికి సిమ్వాస్టాటిన్ ఇవ్వకూడదు. మోకాలి నొప్పికి కీలులో వేసే ట్రయామ్సినోలోన్ ఇంజెక్షన్ కూడా వీళ్లలో ఒంట్లో నిలిచిపోయి, ముఖం ఉబ్బి, షుగర్ ఎగసి, ఎముక పలచబడుతుంది. కీళ్ల డాక్టరుకు తన హెచ్‌ఐవీ సంగతి చెప్పుకోలేని మనిషికి ఈ ప్రమాదం తెలిసే దారే లేదు. ఇలాంటి తనిఖీ ఒక పీజీ విద్యార్థి థీసిస్‌గా కూడా చేయవచ్చు. మెడికల్ కాలేజీల్లో ఏటా థీసిస్‌లు ఎలాగూ రాస్తారు. ఒకే ఫారం, ఒకే నిర్వచనాలతో మూడు బ్యాచ్‌లు వరుసగా చేస్తే అదే పెద్ద అధ్యయనానికి పునాది అవుతుంది. ఇప్పుడు జరుగుతున్నట్టు ఎవరి ఫారం వారిదైతే వాటిని కలపడం కుదరదు.

అనుమతుల దగ్గర రెండు విషయాలు ముందే చూసుకోవాలి. 2017 నాటి హెచ్‌ఐవీ-ఎయిడ్స్ చట్టం 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. సమాచారం తెలిసి ఇచ్చిన సమ్మతి లేకుండా పరిశోధనలో చేర్చకూడదు, ఒకరి హెచ్‌ఐవీ స్థితిని బయటపెట్టకూడదు. చదువురానివారు వేలిముద్ర వేస్తే పరిశోధన బృందానికి సంబంధం లేని సాక్షి ఉండాలి. ఆ సాక్షిగా పక్కింటాయననో బంధువునో పిలిస్తే గుట్టు అక్కడే రట్టవుతుంది. పాజిటివ్ నెట్‌వర్క్ సభ్యుల్లోంచి, రోగి ఒప్పుకున్నవారినే సాక్షిగా పెట్టాలి, వారి దారిఖర్చు కూడా బడ్జెట్లో రాయాలి. ప్రాజెక్టు పేరు రాసిన జీపు ఇంటి ముందు ఆగకూడదు. రెండోది జిల్లా సరిహద్దు. 2022 ఏప్రిల్‌లో పాత గుంటూరు జిల్లా గుంటూరు, పల్నాడు, బాపట్ల జిల్లాల్లోకి విడిపోయింది. 2004-05 నాటి లెక్కతో పోల్చాలంటే పాత సరిహద్దునే తీసుకోవాలి, అనుమతి ఉత్తరాలు మాత్రం కొత్త జిల్లాలన్నిటి నుంచీ తెచ్చుకోవాలి.

డబ్బు మంజూరయ్యాక ఆగిపోయేది ఎక్కువగా రెండో ఏడాదిలో. మొదటి విడత ఖర్చుకు వినియోగ పత్రం, అంటే జీఎఫ్‌ఆర్ 12-ఎ, లెక్కల పట్టికతో సహా పంపితేనే రెండో విడత వస్తుంది. కాలేజీ అకౌంట్స్ విభాగానికి ఇది అదనపు పని. మార్చి దాటిపోతే ఫైలు కొత్త ఆర్థిక సంవత్సరంలో పడుతుంది. ఈలోగా నర్సుల జీతాలు ఆగుతాయి, శిక్షణ పొందినవాళ్లు వేరే ఉద్యోగం చూసుకుంటారు. ప్రధాన పరిశోధకుడికి బదిలీ అయితే సంతకం పెట్టేవాళ్లే ఉండరు. మొదటి రోజు నుంచీ ఒకరు ఏఆర్‌టీ సెంటర్ నుంచి, మరొకరు కమ్యూనిటీ మెడిసిన్ నుంచి, ఇద్దరు సహపరిశోధకుల పేర్లు ఉంటే ఈ గండం చాలావరకు తప్పుతుంది. మంగళగిరి ఎయిమ్స్ గుంటూరుకూ విజయవాడకూ నడుమ ఉంది. ఆ రెండు ఊళ్ల ప్రభుత్వ జనరల్ ఆసుపత్రుల (జీజీహెచ్‌ల) ఏఆర్‌టీ సెంటర్లతో కలిపి దాన్ని సమన్వయ కేంద్రంగా పెట్టుకుంటే ల్యాబు నాణ్యత తనిఖీ ఒకేచోట జరుగుతుంది. మిరప కోతల కాలంలో కూలివాళ్లు సందర్శనకు రారు కాబట్టి, ఏడాది సందర్శనకు ముందూ వెనకా రెండేసి నెలల గడువు పెట్టాలి.

పరీక్షల్లో కొత్తగా బయటపడేవాటికి వైద్యం ఎవరు చేస్తారన్నది దరఖాస్తులోనే రాసి ఉండాలి. 960 మందిలో బీపీ, షుగరు, ఎముక పలచన చాలామందిలో మొదటిసారి కనిపిస్తాయి. ఏఆర్‌టీ సెంటర్ గది నుంచి జనరల్ మెడిసిన్ ఓపీకి, ఎముకల ఓపీకి రోగిని వెంటబెట్టుకుని వెళ్లే ఒక మనిషి జీతం, ఫలితాన్ని రోగి దగ్గరుండే చికిత్స పుస్తకం గ్రీన్ బుక్‌లో తెలుగులో రాసి చదివి వినిపించే సమయం, రోగి ఊరి పీహెచ్‌సీ నుంచి బీపీ, షుగరు మందులు అందేలా హెచ్‌ఐవీ మాట లేకుండా రాసిచ్చే రిఫరల్ చీటీ: ఈ మూడూ బడ్జెట్లో విడి పద్దుగా ఉండాలి.